టీచర్, నువ్వు ఆడటం లేదు

పిల్లలు కుర్చీలు రెండు వరసలుగా వేసి బస్సు కట్టారు. ముందు కుర్చీలో ఐదేళ్ళ అమ్మాయి. చేతిలో స్టీరింగుకి బదులు ఏదో డబ్బా మూత. వెనక ఏడెనిమిది మంది ప్రయాణికులు, ఒకరి ఒళ్ళో ఎలుగుబంటి బొమ్మ. నన్నూ ఎక్కమన్నారు, ఎక్కాను. కూర్చున్నానో లేదో నా నోరు ఊరుకోలేదు. "బస్సులో ఎంతమంది ఉన్నారో లెక్కపెడదామా? మన బస్సుది ఏ రంగు? ఎర్రలైటు పడితే ఏం చెయ్యాలి?" మొదటి రెండు ప్రశ్నలకి జవాబులొచ్చాయి. మూడోదానికి డ్రైవరమ్మ మూతని ఒళ్ళో పెట్టుకుని వెనక్కి తిరిగింది.

"టీచర్, నువ్వు ఆడటం లేదు," అంది.

కోపంగా అనలేదు. బయట వాన పడటం లేదు అన్నంత మామూలుగా అంది. నిమిషంలో బస్సు ఖాళీ అయిపోయింది. పిల్లలు గదిలో అవతలి మూలకి పోయి ఇంకేదో మొదలుపెట్టారు. నేను ఆ కుర్చీలోనే కూర్చుండిపోయాను.

మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా ఉండే పిల్లలతో పనిచేయడం మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్ళయింది. రోజులో సగం నేలమీదే నా కూర్చోవడం. ఆట గురించి ట్రైనింగ్ తీసుకున్నాను, కొత్తగా వచ్చినవాళ్ళకి ఇచ్చాను కూడా. ఆటతో అంకెలు, ఆటతో మాటలు, ఆటతో క్రమశిక్షణ. రోజూ రాసే ప్లాన్ పుస్తకంలో 'ఆట' అన్న మాట లేని పేజీ ఉండేది కాదు. అయినా ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. నేను ఆడటం లేదు. ఆ మాటకొస్తే చివరిసారి ఎప్పుడు ఆడానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఇన్నేళ్ళ తర్వాత నాకు గట్టిగా అనిపిస్తున్నది చెప్తాను. పిల్లలతో పనిచేసే పెద్దవాళ్ళకి తమదంటూ ఒక ఆట ఉండాలి. పిల్లల కోసం ఆడేది వేరు, అది మా పని. నేను చెప్పేది ఏ ప్రయోజనమూ ఆశించకుండా, ఎవరికీ లెక్క అప్పజెప్పకుండా, తోటి పెద్దవాళ్ళతో నిశ్చింతగా, మనసారా ఆడుకోవడం గురించి. టీచర్లకీ ఆయాలకీ కావాలి. పిల్లల వార్డులో నర్సులకీ, మాటలు రాని పిల్లలకి మాటలు నేర్పే థెరపిస్టులకీ, ఈత నేర్పే కోచ్‌లకీ కావాలి. తీరిక దొరికితే చూద్దాంలే అనుకునే సరదా కింద దీన్ని లెక్కేయకూడదు. సుద్దముక్క, నల్లబల్ల ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం.

డచ్ చరిత్రకారుడు యోహాన్ హుయిజింగా 1938లో ఆట మీద ఒక పుస్తకమే రాశాడు. ఆటకి ఆయన చెప్పిన మొదటి లక్షణం, అది ఇష్టపూర్వకంగా జరగాలన్నది. ఆజ్ఞ మీద ఆడితే అది ఆట కాకుండా పోతుందంటాడు. ఆటకి దానిదైన సమయం, దానిదైన చోటు, దానివైన నియమాలు ఉంటాయి. బతుకుతెరువు లాభనష్టాలు ఆ గీత అవతలే ఆగిపోవాలి. ఈ కొలతతో నా రోజుని కొలిచి చూసుకుంటే విషయం తేటగా అర్థమైంది. పిల్లలతో నేను చేసేదంతా పనే. మంచి పని, ఇష్టమైన పని, కానీ పనే. దాన్ని పని అనుకున్నంతవరకూ ఇబ్బంది లేదు. దాన్నే ఆట అని పిలుచుకుని, నా వంతు ఆట నాకు దొరికేస్తోందని నమ్మడం దగ్గరే పొరపాటు జరిగింది. రోజంతా ఊయల ఊపిన మనిషి ఒక్కసారి కూడా ఊయల ఊగినట్టు కాదు.

దీనికి అసలు కారణం నిశ్చింత అన్న మాటలోనే ఉంది. ఇరవై మంది పిల్లలు చుట్టూ ఉన్నప్పుడు నేను ఎంత నవ్వుతున్నా, ఎంత గెంతుతున్నా, తలలో ఒక లెక్క ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవయ్యోది ఎక్కడ? ఆ వెనక కిటికీ గడియ పెట్టామా? వాడి నోట్లో ఉన్నది పూసేనా? దగ్గుతున్న పిల్లకి పొద్దున మందు వేశారో లేదో? ఈ లెక్క ఆగకూడదు కూడా. అది ఆగిన రోజు ఎవరికో ఒకరికి దెబ్బ తగులుతుంది. కాబట్టి పిల్లలతో ఉన్నప్పుడు మాకు చింత లేని ఆట దొరకదు, దొరకాలని కోరుకోవడం న్యాయం కూడా కాదు. చింత లేకుండా ఆడాలంటే ఆ కాసేపూ ఎవరి ప్రాణమూ మన చేతిలో ఉండకూడదు. "రోజూ పిల్లలతో ఆడుకునే ఉద్యోగం, మీకేంటండీ అదృష్టవంతులు" అనేవాళ్ళకి ఈ ముక్క ఎప్పుడూ కనిపించదు. చెప్పడానికి ప్రయత్నించిన ప్రతిసారీ నేను పిల్లల మీద ఫిర్యాదు చేస్తున్నట్టు విన్నారు.

లేని ఉత్సాహాన్ని ముఖం మీదికి తెచ్చుకోవడం ఎంత బరువో అమెరికన్ సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌ల గురించి రాస్తూ వివరించింది. నవ్వడం కూడా ఉద్యోగంలో భాగమైనప్పుడు ఆ నవ్వుకి పడే శ్రమ ఎవరి లెక్కలోకీ రాదు. ఆమె రాసింది చదువుతుంటే మా గది కళ్ళముందు కదిలింది. "అబ్బో! ఎంత పెద్ద కోట కట్టావో!" ఇది రోజుకి నలభైసార్లు అనాలి. మొదటి పదిసార్లు నిజంగానే ఆశ్చర్యంగా ఉంటుంది. తర్వాతి ముప్ఫైసార్లూ గొంతు మాత్రమే అంటుంది.

పిల్లలకి తేడా తెలియదనుకుంటాం గానీ, ఎదుటి ముఖాన్ని వాళ్ళు చూసినంత శ్రద్ధగా ఎవరూ చూడరు. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో చేసిన ప్రయోగం ఒకటుంది. నెలల పాపతో తల్లి కాసేపు మామూలుగా ఆడుతుంది, తర్వాత రెండు మూడు నిమిషాలు ఎదురుగా కూర్చునే ముఖంలో ఏ కదలికా లేకుండా ఉంటుంది. పాప ముందు నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, కేక పెడుతుంది, ఏదీ పనిచేయక చివరికి ముఖం తిప్పేసుకుంటుంది. మేం పిల్లల ముందు రాయిలా కూర్చోం, నిజమే. కానీ అంత చిన్న వయసు నుంచే వాళ్ళు మా ముఖాల్లో జవాబు వెతుక్కుంటున్నారంటే, ముఖంలో ఉత్సాహం ఉండి వెనక మనిషి లేని సంగతి ఐదేళ్ళ డ్రైవరు పసిగట్టడంలో వింతేముంది?

బ్రిటన్‌లో పిల్లల ఆటస్థలాల్లో పనిచేసిన గోర్డన్ స్టరాక్, పెర్రీ ఎల్స్ 1998లో రాసిన ఒక పత్రంలో ఈ జబ్బుకి పేరు పెట్టారు. పిల్లల ఆటలోకి పెద్దవాళ్ళ కోరికలు జొరబడి దాన్ని పాడుచేయడాన్ని వాళ్ళు కల్తీ అన్నారు. కల్తీకి ఇంగ్లీషులో ఉన్న మాటలో 'అడల్ట్' అన్న మాట కూడా దాగి ఉండటం వాళ్ళకి కలిసొచ్చింది. తెలుగులో అలా కుదరకపోయినా కల్తీ అనగానే మనకి ఎక్కాల్సింది ఎక్కుతుంది. బస్సులో నేను చేసింది అదే. నాకు అంతకంటే ముఖ్యమనిపించింది వాళ్ళు చెప్పిన రెండో సంగతి. ఈ కల్తీ నేర్పించాలన్న తాపత్రయం వల్ల మాత్రమే రాదట, పెద్దవాళ్ళు తమలో ఆడి తీర్చుకోకుండా మిగుల్చుకున్నదాని వల్ల కూడా వస్తుందట. ఇది చదివాక నా సహోద్యోగుల్ని, నన్ను కొత్తగా చూశాను. పిల్లలు మట్టితో ఏదో చేస్తుంటే "ఇలా కాదు, ఇటివ్వు" అని లాక్కుని, ఏనుగు బొమ్మ పూర్తయ్యేదాకా తలెత్తని టీచర్లు ఉంటారు. పిల్లల నాటకంలో దేవకన్య కిరీటం నాలుగు రోజులు కూర్చుని తానే కుట్టి, దాన్ని పిల్లల్ని ముట్టుకోనివ్వనివాళ్ళు ఉంటారు. నేనూ చేశాను. పిల్లల ఆటని వాళ్ళు దోచుకుంటున్నారని ఒకప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు వాళ్ళని చూస్తే, ఆట దొరక్క ఆకలితో ఉన్న మనుషులు కనిపిస్తారు.

ఇక నా సంగతి. బస్సు ఖాళీ అయిన ఏడాదే ఒక సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక జోరున వాన మొదలైంది. లోపల నలుగురం చిక్కుకుపోయాం. నేను, ఇంకో టీచరు, మా ఆయమ్మ, ఆఫీసులో లెక్కలు చూసే అబ్బాయి. పుట్టినరోజు వేడుకలో మిగిలిన బెలూన్ ఒకటి ఫ్యాను గాలికి అల్మారా మీంచి జారి కిందికి వస్తోంది. రెండో టీచరు దాన్ని అరచేత్తో పైకి తట్టింది. నా వైపు వస్తే నేనూ తట్టాను. ఆయమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. నేల తాకకూడదని ఎవరూ చెప్పలేదు, అందరికీ అర్థమైపోయింది.

కాసేపటికి "చేతులు వాడకూడదు" అన్నారెవరో. తలలు, మోచేతులు, మోకాళ్ళు రంగంలోకి దిగాయి. ఆయమ్మకి యాభై దాటి ఉంటాయి. ఆమె గడ్డంతో కొట్టడం కనిపెట్టింది. లెక్కలు చూసే అబ్బాయి ఏడాదిగా మాతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండడు. అతను నేలమీద వెల్లకిలా పడుకుని పాదాలతో బెలూన్‌ని పైకి తన్నుతున్నాడు, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు. ఎన్నిసార్లు కిందపడకుండా ఆపామో నేను లెక్కపెట్టబోయాను, ఎందుకో వదిలేశాను. కాసేపయ్యాక గది మరీ నిశ్శబ్దంగా ఉన్నట్టు అనిపించి కిటికీలోంచి చూస్తే వాన ఎప్పుడో ఆగిపోయింది. ఇళ్ళకి వెళ్ళొచ్చు. ఎవరూ కదల్లేదు. ఇంకో పావుగంట ఆడాం.

మర్నాడు నేను గొప్ప టీచర్ని అయిపోలేదు. కానీ ఒక విషయం మాత్రం ఆ రోజుతో మారిపోయింది. అంతకుముందు ఆట సమయం అయిపోగానే రెండు చప్పట్లు కొట్టి "టైం అయిపోయింది, అన్నీ సర్దెయ్యండి" అనేదాన్ని. వెంటనే సర్దనివాళ్ళని మొండివాళ్ళ జాబితాలో వేసుకునేదాన్ని. బెలూన్ గాల్లో ఉండగా ఎవరైనా తలుపు తీసి నాకు అలా చప్పట్లు కొట్టి ఉంటే? ఆ ఊహకే ఒళ్ళు మండింది. మనం ఆడుతున్నదానికి ఒక తీరు ఉంటుంది, అది ఎక్కడో ఒకచోట దానంతట అదే ఆగుతుంది. ఆ చోటు దాకా వెళ్ళనివ్వకపోవడం ఎదుటి మనిషి మాట మధ్యలో నోరు మూసేయడం లాంటిదే. ఇది నాకు ఏ ట్రైనింగూ నేర్పలేదు. "ముందుగా ఐదు నిమిషాల హెచ్చరిక ఇవ్వండి" అని నేర్పారు, పాటించాను కూడా, గడియారం చూసుకుంటూ. ఇప్పుడైతే వెళ్ళి పక్కన కూర్చుంటాను. కట్టడం ఎక్కడ ఉందో, యుద్ధం ఎంతవరకు వచ్చిందో చూస్తాను. "ఈ గోడ పూర్తయ్యాక ఆపుదామా?" అంటాను. చాలాసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోని రోజు భోజనానికి మూడు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే.

డొనాల్డ్ వినికాట్ లండన్‌లో పిల్లల డాక్టరు, మానసిక విశ్లేషకుడు. 1971లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఒక మాట నిర్మొహమాటంగా రాశాడు: వైద్యం చేసేవాళ్ళకి ఆడటం రాకపోతే వాళ్ళు ఆ పనికి తగరు. ఆయన పిల్లలతో ఆడే గీతలాట ఒకటుంది. ఆయన కాగితం మీద అర్థంపర్థం లేని గీత ఒకటి గీస్తాడు, పిల్లవాడు దాన్ని చేపగానో టోపీగానో మారుస్తాడు. తర్వాత పిల్లవాడు గీత గీస్తాడు, డాక్టరు మార్చాలి. రెండోసారి జరిగేదే నాకు విలువైనది. అక్కడ డాక్టరుకీ ఏం వస్తుందో తెలియదు. పిల్లవాడు గీసింది చూసి తడబడాలి, ఏదో ఒకటి పట్టుకోవాలి. తడబడటానికి భయపడే మనిషి ఆ కుర్చీలో కూర్చోలేడు.

1932లో వచ్చిన తన పుస్తకం కోసం స్విస్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే పిల్లల్ని గోలీలాట నియమాలు అడిగిన తీరూ దీనికి దగ్గరగానే ఉంటుంది. చిన్నప్పుడు ఆడేవాణ్ణి, ఇప్పుడు మర్చిపోయాను, నేర్పించమని అడిగి వాళ్ళతో ఆడేవాడు. కావాలని తప్పులు చేసేవాడు, పిల్లలు దిద్దుతారని. పరిశోధన కోసం అది సరే. కానీ నేను రోజూ తెలియనట్టు నటించడం వేరు, నిజంగా చేతకాని చోట వారానికి ఒకసారైనా నిలబడటం వేరు. బెలూన్‌తో నలుగురిలో అందరికంటే అధ్వానంగా ఆడింది నేనే. దాంతో నాకేమీ నష్టం జరగలేదని ఒంటికి తెలిసింది. కత్తెర పట్టుకోవడం రాక ఏడ్చే పిల్లవాడికి "ఏం పర్లేదు" అని ఇప్పుడు అన్నప్పుడు ఆ మాటలో కొంచెం పస ఉంటుంది.

ఈ మాటలు చెప్పినప్పుడల్లా తోటివాళ్ళ దగ్గర నుంచి వచ్చే అభ్యంతరం ఒకటుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. "సాయంత్రానికి నడుం విరిగిపోతోంది. నాకు కావాల్సింది నిద్ర, ఆట కాదు." సరైన మాట. ఇద్దరు చూడాల్సిన పిల్లల్ని ఒక్కరే చూస్తూ, చాలీచాలని జీతంతో నెట్టుకొస్తున్నవాళ్ళకి ముందు కావాల్సింది ఇంకో మనిషి సాయం, సరైన జీతం, విశ్రాంతి. వాటి బదులు ఎవరైనా బెలూన్ ఇస్తామంటే తీసుకోవద్దు. నేను చెప్పేది వాటి తర్వాత వచ్చేది, వాటి స్థానంలో వచ్చేది కాదు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణ మనుషులందరికీ విశ్రాంతి, తీరిక హక్కులని చెప్పింది. అందులో ఆట అన్న మాట లేదు. ఆ మాట ఉన్నది 1989 నాటి పిల్లల హక్కుల ఒడంబడిక 31వ అధికరణలో, పిల్లలకి మాత్రమే. పద్దెనిమిదేళ్ళు నిండిన రోజున మన హక్కుల పత్రంలోంచి ఒక మాట చెరిగిపోతుందన్నమాట. చట్టం సంగతి పక్కన పెట్టినా, మనం కూడా అలాగే అనుకుంటూ పెరిగాం. పెద్దయ్యాక మిగిలిన ఆటలకి స్కోర్లు, మెడల్స్, చేతి గడియారంలో అడుగుల లెక్క వచ్చి చేరాయి. ఫోన్ చూస్తూ గడిపే గంటని తీరిక అంటున్నాం గానీ, అది అయ్యాక ఎవరి ముఖంలోనూ ఆడొచ్చిన కళ కనిపించదు.

మేనేజ్‌మెంట్లకి ఈ ఆలోచన నచ్చినప్పుడు నాకు ఇంకో రకం టెన్షన్ మొదలవుతుంది. శనివారం పొద్దున అందర్నీ రమ్మంటారు, టీములు కడతారు, గెలిచినవాళ్ళకి కప్పు ఇస్తారు, ఫోటోలు తీస్తారు, చివర్లో దీని వల్ల ఏం నేర్చుకున్నారో రాయమంటారు. అచ్చం బస్సులో నేను చేసిన పనే, ఈసారి మా మీద. లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు 1973లో ప్రచురించిన ప్రయోగం వీళ్ళకి చెప్పాలనిపిస్తుంది. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ళకి మళ్ళీ రంగు పెన్నులు ముందు పెట్టి చూస్తే ఆ పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలు వేశారు. ఇష్టంగా చేసేదానికి బయట నుంచి ఒక కారణం తగిలిస్తే ఇష్టం వెనక్కి తగ్గింది. పెద్దవాళ్ళకి మాత్రం అలా జరగదని నమ్మడానికి నాకు కారణం కనిపించదు.

మా దగ్గర ఇప్పుడు శుక్రవారం సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక అరగంట ఉంటుంది. పని గంటల్లోనే, దాని కోసం ఎవరూ అదనంగా ఉండక్కర్లేదు. ఇది ఒప్పించడానికి ఏడాది పట్టింది. రావాలని ఎవరికీ నిర్బంధం లేదు. వచ్చి ఊరికే గోడకి ఆనుకుని కూర్చునేవాళ్ళూ ఉన్నారు, నెలలపాటు అలా కూర్చుని ఒకరోజు హఠాత్తుగా లేచినవాళ్ళూ ఉన్నారు. బోర్డు మీద పెట్టుకుంటాం ఫోటోలు ఇవ్వండని ఆఫీసువాళ్ళు అడిగారు, ఇవ్వలేదు. ఏం ఆడాలో ముందుగా ఎవరూ అనుకోరు. ఒకసారి తొక్కుడుబిళ్ళ, ఒకసారి గోలీలు, ఒకసారి చాపలన్నీ కలిపి కట్టిన సొరంగం. ఏమీ తోచక పదిహేను నిమిషాలకే లేచిపోయిన రోజులు కూడా చాలా ఉన్నాయి.

పోయిన శుక్రవారం దాగుడుమూతలు ఆడాం. ఆయమ్మ ఎంతకీ దొరకలేదు. బాత్రూములు, వంటగది, తెరల వెనక, అన్నీ వెతికాం. చివరికి బొమ్మల అల్మారాకీ గోడకీ మధ్య ఉన్న సందులో, పిల్లలు అలిగినప్పుడు వెళ్ళి కూర్చునే చోట, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కనిపించింది. బయటికి రమ్మంటే రాలేదు. "ఉండండమ్మా, ఇక్కణ్ణుంచి ఈ గది ఎంత పెద్దగా ఉందో," అంది.

ఆమె లేచాక నేనూ వెళ్ళి ఆ సందులో కూర్చున్నాను. కుర్చీల కాళ్ళన్నీ అడవిలా ఉన్నాయి. నా బల్ల మీద ఏముందో కనిపించడం లేదు. లైటు స్విచ్చి చాలా ఎత్తులో ఉంది.